కోటు వేసిన కుర్చీ

ముందు ఆ కళ్ళజోడు తుడుచుకో తల్లీ. బయట ఆ చలేంటి, లోపల ఈ హీటరేంటి, ఆవిరి పట్టక ఏం చేస్తుంది. ఆగాగు, చూడకుండా కూర్చోకు. అది పక్కగది బెర్నీస్ కుర్చీ, అందులో ఎవరైనా కూర్చున్నారని తెలిస్తే సాయంత్రం దాకా నాతో పోట్లాడుతుంది. ఇటు రా. కోటు మంచం మీద పడెయ్. ఆఁ, ఇప్పుడు కనిపిస్తున్నానా? నవ్వకు మరి. నువ్వలా గుమ్మంలో చేతులు చాపి తడుముకుంటూ నిలబడితే నాకు గుండె ఆగినంత పనైంది. అచ్చం మీ ముత్తాత ఆరీ నిలబడ్డట్టే. ఆ పొడుగు, ఆ మెడ, కళ్ళజోడు వెనక తెల్లగా రెండు పలకలు. కూర్చో. కేకు తిను. నేను చేసింది కాదులే భయపడకు, ఈ వృద్ధాశ్రమం వంటింట్లోదే. తింటూ అడుగు.

గట్టిగా చెప్పు, ఈ చెవి నామమాత్రం. ఏంటీ? కొంతమంది లిబరల్స్ ఎందుకవుతారు? ఇదొక చదువా మీ యూనివర్సిటీలో? ఫీజు కడుతున్నారా దీనికి? సరే సరే, అలగకు. మీ ప్రొఫెసరు ఏమంటాడు? చిన్నప్పటి పెంపకమంటాడా. మెదడులో ఏదో ముక్క పెద్దదుంటుందంటాడా. బాగుంది. మా నాన్న ఎందుకయ్యాడో చెప్పనా? కరెంటు. మేం ఈ ఊరివాళ్ళం కాదు, ఇరవై మైళ్ళ అవతల నార్వే వాళ్ళ పల్లె మాది. అంచేత అరవై ఏళ్ళకి పైగా ఇక్కడున్నా నేనింకా ఈ ఊరికి కొత్తదాన్నే, అది వేరే సంగతి. కరెంటు కంపెనీ వాళ్ళు పొలాల్లో ఇళ్ళు దూరం దూరం, తీగ లాగితే మాకేం మిగుల్తుంది అని ఊరి చివర ఆపేశారు. అప్పటి డెమోక్రాట్ల గవర్నమెంటు పూనుకుని లాగించింది. దీపం వెలిగిన పూట మా అమ్మ మొదటిసారి వంటింటి మూలలు చూసి, అయ్యో, ఇన్నాళ్ళూ ఇంత మసిలో వండానా అని ఏడ్చింది. మా నాన్న ఆ పూటే డెమోక్రాట్ అయిపోయాడు. మా బాబాయి ఇంటికీ అదే తీగ, అదే దీపం, అదే రోజు. ఆయన నెలాఖర్న వచ్చిన బిల్లు చూసి రిపబ్లికన్ అయ్యాడు. మీ ప్రొఫెసర్ని అడుగు, ఇద్దరిదీ ఒకే పెంపకం, ఒకే మెదడు, ఏ ముక్క పెద్దదంటాడో.

సరే, ఆరీ సంగతి కదా. మీ ఇంట్లో ఏం చెప్పారు నీకు? యుద్ధం చూసొచ్చి డెమోక్రాట్‌గా మారాడనా? పుస్తకాలు చదివి మారాడనా? ఎవరు చెప్పారు, మీ తాతా? మీ తాతకేం తెలుసు, ఆయన అప్పటికే పెళ్ళి చేసుకుని దూరాన డెమాయిన్ పట్నంలో ఉన్నాడు. నేను చెప్తా విను. ఈ కౌంటీ అంతా హాలండ్ నించి వచ్చినవాళ్ళే కదా. ఆదివారం రెండుసార్లు చర్చి, ఆదివారం బట్టలు ఆరేస్తే తప్పు, లాన్ కోస్తే తప్పు. రిపబ్లికన్ కాకపోవడం తప్పు కూడా కాదు, అసలలాంటిదొకటి జరగొచ్చని ఎవరికీ తోచేది కాదు. లిబరల్ అన్న మాట పందులకొచ్చే గిట్టల జబ్బు పేరులా పలికేవాళ్ళు, కొంచెం గొంతు తగ్గించి, పిల్లలు వినకుండా. డెబ్బైల్లో ఈ ఊరి డెమోక్రాట్లందరం కలిపి నలుగురం. నేను, స్కూలు లైబ్రరీ చూసుకునేదాన్ని. పెగ్ ఫీనీ, ఐరిష్ ఆవిడ, విధవరాలు, ఊళ్ళో ఒకే ఒక్క కాథలిక్ కుటుంబం, ఎందుకయ్యావే అంటే మా తాత కూడా ఇదే కదా, వేరేవి కూడా ఉంటాయా అనేది. మూడు, బ్యాండు మాస్టారు. ఆయనకి రాజకీయం అక్కర్లేదు, ట్రాంబోన్లు కావాలి. బడికి పన్నులు తగ్గిస్తామన్నవాళ్ళు గెలిచినప్పుడల్లా ఆయన వాయిద్యాలకి చిల్లులు పడేవి. నాలుగోవాడు డిర్క్. వాడి బావమరిది రిపబ్లికన్. అంతే, ఇంకేం లేదు. ఆ బావమరిది రేపు పార్టీ మారితే డిర్క్ ఎల్లుండి మారేవాడు.

మీ ముత్తాత మాత్రం అలా కాదు. కౌంటీ మంచు బండి నడిపేవాడు. ముందు ఇంత వెడల్పు బ్లేడు కట్టుకుని మంచు తోసుకుంటూ పోయేది, నారింజ రంగు లారీ. గాలి లేచి ఆకాశం నేల కలిసిపోయి అంతా తెల్లగా అయిపోయినా ఆరీకి తెలిసేది రోడ్డు ఎక్కడ తిరుగుతుందో. పెళ్ళివాళ్ళు, డాక్టరు, పాల లారీ, అందరూ ఆయన వెనక దీపం చూసుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆరీ వీన్‌స్ట్రా దారి తప్పడు. అదీ ఊళ్ళో ఆయన పేరు. మాట మాత్రం చచ్చినా వచ్చేది కాదు. కోరాకి, అంటే మీ ముత్తవ్వకి, దండిగా వచ్చేది. ఇద్దరూ చర్చిలో కుడివైపు నాలుగో బెంచీ. పాస్టరు గారి ప్రసంగంలో ఎప్పుడూ మూడు అంశాలు. మొదటి అంశం అనగానే కోరా చేతిసంచి టక్ మని తెరిచేది, పిప్పరమెంటు బిళ్ళ తనకొకటి, ఆయనకొకటి. రెండో అంశానికొకటి, మూడో అంశానికొకటి. నేను ఆ చర్చి కాదు కానీ వాళ్ళ కోరస్‌లో కింది శ్రుతి పాడే ఆల్టో గొంతు తక్కువై నన్ను లాక్కెళ్ళారు, అంచేత పాటవాళ్ళు నిలబడే మేడ మీద నించి అంతా చూసేదాన్ని. ముప్ఫై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి మధ్యా ఊరికి కనిపించిన ప్రేమంతా ఆ బిళ్ళలే.

ఇక కాకస్, అదే, ప్రెసిడెంటు పోటీకి తమ పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలో ఊరివాళ్ళు కూర్చుని తేల్చుకునే సభ. ఇప్పుడవన్నీ పోయి పోస్టులో కార్డులొచ్చాయి, అదేం సరదా. అప్పుడు జనవరి చలిలో రెండు పార్టీలవాళ్ళూ ఒకే సాయంత్రం బడికి రావాలి. రిపబ్లికన్లు జిమ్‌లో, నూట యాభై మందిదాకా. మేం లైబ్రరీలో, పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, నలుగురం. ఎవరు ఏ గదిలోకి వెళ్ళారో ఊరంతా చూస్తుంది, దాపరికం లేదు. ఆరీ మారిన ఏడు, కాకస్ రోజు మధ్యాహ్నం నించి మంచు. కోరా ముందే వచ్చేసింది, బాదం ముద్ద పెట్టి ఎస్ అక్షరంలా వంచి కాల్చిన రొట్టెలు రెండు పళ్ళేలు పట్టుకుని. జిమ్‌లో ముందు వరసలో కూర్చుని పక్క కుర్చీ మీద తన కోటు వేసింది, ఆరీ కోసం. ఆరీ పని ముగించుకుని ఇంటికెళ్ళే టైము లేక సరాసరి బండితోనే వచ్చి, లారీ పడుతుంది కదా అని వెనకవైపు పెట్టాడు. ఎప్పుడూ ముందు తలుపులోంచి వచ్చి కుడికి తిరిగితే జిమ్. వెనక తలుపులోంచి వచ్చి కుడికి తిరిగితే ఏమొస్తుంది? చెప్పు. అదీ. నువ్విందాక నిలబడ్డట్టే నిలబడ్డాడు మా గుమ్మంలో. కళ్ళజోడు రెండు పక్కలా తెల్లగా. కాఫీ వాసన వచ్చింది, కుర్చీ తగిలింది, కూర్చున్నాడు. పెగ్ ఫీనీ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, అరవై ఏళ్ళ మనిషి పిల్లిలా లేచి, రావయ్యా ఆరీ, ఎంత చలిలో వచ్చావు అంటూ ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో ఆపిల్ కేకు పెట్టేసింది. రెండు చేతులూ నిండిపోయాయి, ఇక కళ్ళజోడు తుడుచుకునేది దేనితో? మర్యాద తెలిసిన మనిషి, తినడం మొదలెట్టాడు. ఆవిరి మెల్లిగా కిందినించి పైకి విడుతోంది. ముందు నా బూట్లు కనిపించుంటాయి. తర్వాత డిర్క్. ఆ తర్వాత బ్యాండు మాస్టారు. ఆరీ మొహం చూశాను తల్లీ, నడిరోడ్డు మీద లారీ పట్టు తప్పిన వాడిలా ఉంది. కానీ అప్పటికి కేకు సగం కడుపులో ఉంది.

ఏంటీ, లేచి వెళ్ళిపోవచ్చు కదా అంటావా? నువ్వీ ఊరి పిల్లవేనా? ఒక ఆవిడ చేతి కేకు తిని, నోరు తుడుచుకుని, మీ గది కాదమ్మా నాది అని లేచిపోతాడా మనిషి? ఈ కౌంటీలో అలాంటిది జరగలేదు. పూర్తిగా తిన్నాడు. పెగ్ ఇంకో ముక్క వేసింది. కౌంటీ సభకి మన తరఫున ఎవరు వెళ్తారు అని బ్యాండు మాస్టారు అడిగాడు. మేం నలుగురం ఒకసారి వెళ్ళొచ్చి నీరసపడ్డవాళ్ళమే. ఆరీ ఏదో చెప్పాలని, క్షమించండి నేను అనబోయాడనుకుంటా, ముళ్ళగరిటె ఉన్న చెయ్యి ఇలా ఎత్తాడు. చెయ్యెత్తాడు, ఆరీ చెయ్యెత్తాడు అని పెగ్ చప్పట్లు. అయిపోయింది. లోపలికి దారి తప్పి వచ్చిన రిపబ్లికన్, బయటికి డెమోక్రాట్ ప్రతినిధిగా వెళ్ళాడు. అటు జిమ్‌లో కోరా పక్కన కోటు అలాగే ఉంది, ఊరంతా చూస్తూ ఉంది.

అసలు సంగతి పెగ్‌కి తెలుసు, నాకు తెలుసు, ఆరీకి తెలుసు. ముగ్గురమే. డిర్క్, బ్యాండు మాస్టారు ఆయన కావాలనే వచ్చాడనుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇవాళ నీకు చెప్తున్నా. ఆరీ ఎందుకు చెప్పలేదంటావా? అరె, ఆలోచించు. తుఫానులో నలభై మైళ్ళు తడబడకుండా పోయే మనిషి, రెండే రెండు వసారాలున్న బళ్ళో దారి తప్పానని చెప్పుకోవాలి. రేపు ఆయన వెనక దీపం చూసుకుంటూ ఎవడొస్తాడు? దానికంటే డెమోక్రాట్ అనిపించుకోవడమే నయమనుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో గుండ్రబల్ల దగ్గర హార్వీ, అదే ధాన్యం గిడ్డంగి హార్వీ, అందరి ముందూ అడిగేశాడు. ఏంటి ఆరీ, ఆ గదిలోకెందుకెళ్ళావు? ఆరీ కప్పులోకి చూశాడు, పైకప్పుకేసి చూశాడు. నాకు కారణాలున్నాయి అన్నాడు. ఏం కారణాలు? అందరూ చెంచాలు కింద పెట్టేశారు. పాపం ఏదీ తోచక నోటికొచ్చింది అనేశాడు. కేకు బాగుంది, అన్నాడు. నవ్వుతున్నావా? కోరా రెండు పళ్ళేలు చేసి తెచ్చిన బాదం రొట్టెలు వదిలేసి ఈయన కాథలిక్ ఆవిడ ఆపిల్ కేకు కోసం పార్టీ మారాడని గంటలో ఊరంతా పాకింది. పార్టీ మారాడంటే కోరా ఊరుకునేదేమో. కేకుకా? ఆ ఆదివారం చర్చి కిటకిటలాడింది, చాలా రోజులుగా కనపడనివాళ్ళు కూడా వచ్చారు. పాస్టరు గారు మొదటి అంశం అన్నారు. కోరా సంచి తెరిచింది. ఒక బిళ్ళ తీసింది. తన నోట్లో వేసుకుంది. టక్. మూసేసింది. ఆ టక్ మాకు పైకి వినిపించింది, పాస్టరు గారు కూడా ఎక్కడున్నారో మర్చిపోయి ఒకసారి కాయితం చూసుకున్నారు. ఆరీ ఏం చేశాడో తెలుసా, నోట్లో ఏమీ లేకుండానే దవడ ఆడించాడు, అలవాటు కొద్దీ. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

ఇక కారణం వెతుక్కోక తప్పలేదు. ఉన్నాయి అన్నాక ఉండాలి కదా. మంచు పడ్డప్పుడల్లా బండెక్కి పొద్దంతా ఒక్కడే, రేడియో లేదు, కారణం కోసం ఆలోచన. ఇవన్నీ నాకెలా తెలుసంటే, కోరా లైబ్రరీకి వచ్చి ఏకరువు పెట్టేది. ముందు నా మీదా కోపమే, మీరే మందు పెట్టారు ఆయనకి అనేది, తర్వాత చెప్పుకోడానికి నేను తప్ప ఎవరూ లేరని తెలుసుకుంది. మా రోడ్డుకి ఉత్తరపు కొసన లెస్టర్ అని ఒకడుండేవాడు. తాగుబోతు, ఎవరితోనూ పడదు, వాడి కుక్క కూడా వాడి మాట వినదు. ఆ కొసన వాడొక్కడే. వాడి కోసం రెండు మైళ్ళు మంచు తీయడమెందుకు, డీజిలు దండగ అని హార్వీ ఎప్పుడూ గొణిగేవాడు. ఆరీ ఒక రోజు అక్కడిదాకా వెళ్ళి బండి తిప్పుకుని, ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర అన్నాడట. కోరా, ఇరవై ఏళ్ళుగా లెస్టర్ గుమ్మం దాకా తీస్తున్నాను. ఎందుకు తీస్తున్నానా అని ఇవాళే ఆలోచించాను. వాడు మంచివాడని కాదు. రోడ్డు అక్కడిదాకా ఉంది, అంతే. మనిషిని చూసి బ్లేడు ఎత్తడం మొదలెడితే రేపు నా ఇంటి ముందు ఎవడు ఎత్తుతాడో తెలీదు. కోరా చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయిందట. ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా విని ఎన్నేళ్ళయిందో. కానీ ఊరుకుంటుందా? అది మంచితనం ఆరీ, దానికి పార్టీ దేనికి? పక్కవాణ్ణి చూసుకోమని దేవుడు మనకి చెప్పాడు, గవర్నమెంటుకి కాదు. చర్చి ఉంది కదా, అంది.

ఆ మాట నా దగ్గరికొచ్చి చెప్పి, ఏం వెల్మా, నువ్వు చెప్పు జవాబు అంది. మంచి మాటే కదా. ఆరీ రెండు వారాలు మంచు తోసుకుంటూ తిరిగాడు. ఒక రోజు బంగాళాదుంపలు తింటూ తింటూ తలెత్తి, చర్చికి మంచు బండి లేదు, అన్నాడట. ఆగు, ఇంకా ఉంది. మీ ముత్తవ్వంటే ఏమనుకున్నావు? మహిళా సంఘంలో లేచి నిలబడి, చర్చికి మంచు బండి కొనాలి అని తీర్మానం చేయించింది. కొనిపించింది కూడా, చిన్నది, సెకండ్ హ్యాండు. పాస్టరు గారి అల్లుడు నడిపాడు. మొదటి తుఫానుకే చర్చి మెట్టు ఒకటి పగలగొట్టి, స్మశానం కంచెలోకి దూసుకుపోయి కూర్చుంది. బయటికి లాగడానికి ఎవరొచ్చారనుకున్నావ్? నారింజ లారీ. ఆరీ ఒక్క మాట అనలేదు, గొలుసు కట్టి లాగి వెళ్ళిపోయాడు. ఊరంతా కోరా ఓడిందనుకున్నారు. ఓడుతుందా? ఆ అల్లుడికి నేర్పించి, ముసలివాళ్ళ ఇళ్ళ ముందు, వాకిళ్ళలో, గరాజు తలుపుల దాకా తీయించింది. నీ కౌంటీ బండి గేటు దగ్గర ఆగిపోతుంది ఆరీ, గేటు లోపలికి మా బండే వెళ్తుంది, అంది. ఆయన అదీ నిజమే అన్నాడట. అలా సాగింది. ఆయనకి జవాబు చెప్పడానికి కోరా నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్ళేది, కోరాకి జవాబు చెప్పడానికి ఆయనా పట్టుకెళ్ళేవాడు, ఒకరి పుస్తకం ఒకరు దొంగచాటుగా చదివేవాళ్ళు. పేజీల్లో పిప్పరమెంటు వాసన. ఆయనకి ఇస్తోందా మళ్ళీ అంటావా? ఈస్టరు నించి ఇచ్చింది, ఒక్క బిళ్ళ, మూడో అంశానికి మాత్రం.

ఇంతలో నాలుగేళ్ళు తిరిగి మళ్ళీ కాకస్. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ముందు రోజు కోరా లైబ్రరీకొచ్చి కూర్చుంది, పుస్తకం అడగలేదు. చెప్పేశాను వెల్మా, అంది. ఇంట్లో నీ ఇష్టమొచ్చినట్టు వాదించుకో, నీ ఓటు నీ ఇష్టమొచ్చినవాడికి వేసుకో, నేను చూడను. రేపొక్క సాయంత్రం నా పక్కన కూర్చో ఆరీ, ఆ ఖాళీ కుర్చీ పక్కన ఊరంతా చూస్తుండగా ఇంకోసారి కూర్చోవడం నావల్ల కాదు, అని చెప్పాను. ఏమన్నాడు అన్నాను. ఏమంటాడు, బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాత ఆయన పోయినప్పుడు కూడా చూడలేదు. ఇంటికెళ్ళి నేనే అనుకున్నాను, ఆరీ, వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో, మా గదిలో ఒకడు తగ్గితే కొంపలేం మునగవు అని. నిజంగా అనుకున్నాను.

ఆ సాయంత్రం మంచు లేదు. ఎముకలు కొరికే చలి మాత్రం ఉంది. ఆరీ మంచి టోపీ పెట్టుకుని, నడుచుకుంటూ, ముందు తలుపులోంచి వచ్చాడు. వసారాలో రెండు తలుపులూ బార్లా తెరిచున్నాయి, జిమ్‌లోవాళ్ళూ మేమూ అందరం చూస్తున్నాం, చూడనట్టు కాఫీ పోసుకుంటున్నాం. లోపలికి రాగానే కళ్ళజోడు తెల్లబడింది. ఆగాడు. జేబులోంచి రుమాలు తీశాడు. కళ్ళజోడు తీసి ఒక అద్దం తుడిచాడు, దీపానికేసి పెట్టి చూశాడు, రెండోది తుడిచాడు. అబ్బ, ఆ తుడవడం చూడాలి నువ్వు, బంగారం మెరుగు పెట్టేవాడు కూడా అంత చెయ్యడు. పెట్టుకున్నాడు. కుడివైపు చూశాడు. కోరా ముందు వరసలో, పక్కన కుర్చీ మీద అదే గోధుమరంగు కోటు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆరీ టోపీ తీసి ఇలా గుండెల దగ్గర పెట్టుకున్నాడు ఆవిడకేసి. పెట్టుకుని, ఎడమకి తిరిగి మా దగ్గరికి వచ్చేశాడు. పెగ్ కేకు ఇవ్వబోతే వద్దన్నాడు. ఇవాళ వద్దు పెగ్, కేకు కోసం రాలేదు, అన్నాడు. డిర్క్ గాడు కూడా ఆ పూట బావమరిది ఊసెత్తలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఈసారి వట్టి టక్ కాదు, ఆవిడ లేచి బెంచీ మారుతుంది అని హార్వీ పందెం కూడా కాశాట్ట, ఆదివారం పందెం తప్పని శనివారమే కాశాడు. మొదటి అంశం అన్నారు పాస్టరు గారు. కోరా సంచి తెరిచింది. ఆయనకొక బిళ్ళ ఇచ్చింది. రెండో అంశానికి ఇచ్చింది, మూడో అంశానికి ఇచ్చింది. అంతే. కోరస్‌లో మేమంతా పాట ఒక మాట ఆలస్యంగా ఎత్తుకున్నాం. నాకప్పుడు అర్థం కాలేదు. మొదటిసారికి ముడుచుకున్న మనిషి, ఇంత బతిమాలాక కూడా కాదని వెళ్తే ఎందుకిచ్చింది? అడిగితే, దగ్గొస్తోంది ఆయనకి, అంది. ఆ తర్వాత ఎన్ని కాకస్‌లొచ్చినా అదే తంతు. ఇంటి నించి చెయ్యి పట్టుకుని కలిసి నడిచొచ్చేవాళ్ళు, వసారాలో ఆవిడ కుడికి, ఆయన ఎడమకి. జిమ్‌లో ఆవిడ పక్క కుర్చీ మీద కోటు ఉండాల్సిందే. ఎవరికోసం కోరా అని కొత్తవాళ్ళు అడిగితే, మా ఆయనకి, ఆయన అవతల గదిలో తప్పులు మాట్లాడుతున్నాడు, అయ్యాక వస్తాడు అనేది. అయ్యాక వచ్చేవాడు కూడా. కుర్చీలు మడిచేవేళకి వచ్చి ఆ ఒక్క కుర్చీలో కాసేపు కూర్చుని బాదం రొట్టె తినేవాడు.

ఏంటీ, రాసుకుంటున్నావా? ఏం రాశావు, లెస్టర్ రోడ్డా? రాసుకో. అయితే ఏది కారణమంటావు, ఆవిరా, కేకా, లెస్టరా? నాకూ తెలీదు. ముందు కూర్చున్నాడు, తర్వాత ఎందుకు కూర్చున్నానా అని వెతుక్కున్నాడు, వెతికితే తన రోడ్డు మీదే దొరికింది. మనలో చాలామందిమి అంతే, వెతుక్కోం, అదొక్కటే తేడా.

ఆరీ అక్టోబరులో పోయాడు, మొదటి మంచు పడకముందే. ఆ పైన వచ్చిన శీతాకాలంలో కాకస్. పెగ్ కూడా అప్పటికి లేదు. కేకు నేను చేశాను, మధ్యలో కూలబడింది. కోరా వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. ఒక్కతే, ముందు తలుపులోంచి, అదే గోధుమరంగు కోటు. జిమ్‌లో ముందు వరస వాళ్ళు ఆవిడ కోసం రెండు కుర్చీలు ఉంచారు, మంచివాళ్ళు, రెండు ఉంచారు చూడు. ఆవిడ వసారాలో కాసేపు ఆగింది. ఆగి, ఎడమకి తిరిగి, మా గుమ్మంలో నిలబడింది. బ్యాండు మాస్టారు పాపం తత్తరపడి లేచి, కోరా గారూ, జిమ్ అటువైపు, అన్నాడు. ఆవిడ నాకేసి చూసింది, ఆయనకేసి కాదు, నాకేసి. కళ్ళజోడుకి ఆవిరి పట్టింది, కనిపించలేదు, అంది.

కోరాకి కళ్ళజోడు లేదు తల్లీ. పోయేదాకా సూదిలోకి దారం ఎక్కించుకున్న మనిషి.

వచ్చి ఆరీ కుర్చీలో కూర్చుంది. కోటు విప్పి పక్క కుర్చీ మీద వేసింది. నేను కేకు ప్లేటు తెచ్చి చేతిలో పెట్టాను, ఆ కూలబడ్డ కేకే, మొత్తం తింది. ఆ దారి తప్పిన సంగతి తెలిసింది ముగ్గురికే అనుకున్నాను అన్నేళ్ళూ. ఏ రోజు చెప్పాడో, బల్ల దగ్గర చెప్పాడో, బూట్లకి నూనె రాసుకుంటూ చెప్పాడో...

ఆ చప్పుడేంటి? కిటికీ తెర పక్కకి లాగు. మంచు బండేనా? చూడు, ఆ చివరి ఇంటి దాకా వెళ్తోందా, మధ్యలో తిప్పేస్తున్నాడా.